నొప్పి నాది, మొక్కు పోచమ్మది

నా కుడి చెయ్యి చూడటానికి బాగానే ఉంటుంది. వచ్చిన చిక్కంతా అదే. మణికట్టు విరిగి పిండికట్టు ఉన్నన్నాళ్ళూ ఇంటికి వచ్చినవాళ్ళందరూ అయ్యో పాపం అన్నారు. కొందరు బత్తాయిలు కూడా తెచ్చారు. కట్టు విప్పి, ఎముక చక్కగా అతుక్కుందని డాక్టరు ఎక్స్‌రే చూపించిన రోజుతో నా జబ్బు అందరి దృష్టిలో అయిపోయింది. నాకు మాత్రం అది ఆ రోజే మొదలైంది.

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేదాన్ని. అట్టపెట్టెలు పట్టుకుని వెళ్తూ, అప్పుడే తుడిచిన నేల మీద జారి పడ్డాను. ఆ పెట్టెల్లో ఉన్నవి నొప్పుల గోలీలే. ఈ సంగతి విన్నవాళ్ళు నవ్వుతారు. మొదట్లో నేనే నవ్వుతూ చెప్పేదాన్ని, తర్వాత మానేశాను.

పచ్చి మిరపకాయలు కోసిన చేతి మంట ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ మంట మోచేతి దాకా పాకి, కడిగినా పోకుండా, నెలల తరబడి అలాగే ఉంటే ఎలా ఉంటుందో అది నా చెయ్యి. ఫ్యాను గాలి తగిలితే మంట. జాకెట్టు చెయ్యి రాసుకుంటే మంట. స్నానం చేసేటప్పుడు ఆ చేతిని బకెట్టుకి దూరంగా, పైకెత్తి పట్టుకోవాలి. ఒక్కోసారి చర్మం ఎర్రబడి నిగనిగలాడేది. ఎవరినైనా పిలిచి చూపిద్దామనుకునేలోపు మామూలుగా అయిపోయేది. నా చెయ్యి కూడా నా పక్షాన లేదు.

ఇంట్లో ఉండేది మేం ముగ్గురం. నా భర్త ఒక కెమికల్ కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తాడు. చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. ఏం చెప్పినా "గోలి ఏస్కో" అంటాడు. తలనొప్పికీ అదే, బిడ్డను తలుచుకుని నేను ఏడ్చినా అదే. బిడ్డ సంగారెడ్డిలో హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. ఇక పొద్దంతా నాతో ఉండేది మా అత్తమ్మ.

అత్తమ్మ ఒళ్ళు దాచుకోవడం తెలియని మనిషి. పొలం ఉన్నన్నాళ్ళూ పొలంలోనే బతికింది. నా భర్తను కన్న కొద్దిరోజులకే నాటు వేయడానికి మడిలో దిగానని ఇప్పటికీ చెప్తుంది. మా పొలం కంపెనీకి అమ్ముడుపోయాక ఆమెకు చేతినిండా పని లేకుండా పోయింది. దాంతో నన్ను కనిపెట్టడమే పనిగా పెట్టుకుంది. ఆమె లెక్కలో నొప్పంటే కంటికి కనబడాలి. వాపైనా ఉండాలి, నెత్తురైనా రావాలి.

"నెత్తురొస్తలేదు, వాపు లేదు. మరేం నొస్తున్నదే?" అని అడిగేది. నేను చెప్పడానికి నోరు తెరిచేలోపు లేచి వెళ్ళిపోయేది. ఒక మధ్యాహ్నం గోడ అవతల వాడకట్టు ఆడవాళ్ళతో అంటుంటే విన్నాను: "మా కోడలిది చెయ్యి నొప్పి కాదు, పని నొప్పి." అందరూ నవ్వారు. నాకు నోరెక్కువని పేరు. మామూలుగా అయితే గోడ మీది నుంచే జవాబు చెప్పేదాన్ని. ఆ రోజు చెప్పబుద్ధి కాలేదు, లోపలికి వెళ్ళి పడుకున్నాను.

నొప్పితో ఉండటం ఒక బాధ. ఆ నొప్పితో ఒంటరిగా ఉండటం ఇంకో బాధ. నిజం చెప్పాలంటే రెండోదే నన్ను ఎక్కువ తినేసింది. నొప్పి తగ్గకపోయినా సరే, ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు "నిజమే, నీకు నొస్తున్నది" అంటే చాలనిపించేది. ఆ ఒక్క మాట కోసం ఎన్నాళ్ళు చూశానో నాకే తెలుసు.

ఆ మాట చివరికి పరాయి మనిషి నోట వచ్చింది. హైవే మీద ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నొప్పులకు వేరే డాక్టరు ఉన్నాడని ఫ్యాక్టరీలో నాతో పనిచేసినామె చెబితే వెళ్ళాను. ఆయన ఆపరేషన్లలో మత్తు ఇచ్చే డాక్టరు. నా చేతి మీద దూదితో ఇలా రాశాడో లేదో నేను కేక పెట్టాను. ఆయన దూది పక్కన పెట్టి, "నీకు చాలా నొప్పి ఉందమ్మా" అన్నాడు. నేను ఏడ్చాను. ముక్కు తుడుచుకోవడానికి ఆయనే టిష్యూలు ఇచ్చాడు, అవి అయిపోయేదాకా ఏడ్చాను.

గోలీలు మార్చి మార్చి ఇచ్చాడు, చేతికి కసరత్తులు చేయించాడు. వాటితో అంతంతమాత్రమే తగ్గింది. అప్పుడు కెటమిన్ సంగతి చెప్పాడు. అది ఆపరేషన్లలో వాడే మత్తు మందట. తక్కువ మోతాదులో సెలైన్‌లో కలిపి కొన్ని గంటలపాటు మెల్లగా ఎక్కిస్తారట. "దెబ్బ మానిపోయింది కానీ నీ నరాలకు ఆ సంగతి తెలియలేదు, ఇంకా అరుస్తూనే ఉన్నాయి. వాటిని కాసేపు ఊరుకోబెట్టి చూద్దాం. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. తగ్గినా కొన్ని వారాలకు మళ్ళీ రావచ్చు. నీకు ఆశ పెట్టి మోసం చెయ్యను" అన్నాడు. ఆయన అలా అన్నందుకే ఆయన్ని నమ్మాను.

ఒక్క షరతు పెట్టాడు. మందు ఎక్కేటప్పుడు తేలిపోతున్నట్టు ఉంటుంది, ఏవేవో కనిపిస్తాయి, మనిషి ఏదేదో మాట్లాడుతుంది కూడా. కాబట్టి ఇంటి మనిషి ఒకరు పక్కన ఉండాలి, తర్వాత జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళాలి. "ఎవరూ లేకుండా వస్తే పెట్టను" అన్నాడు. మందు కంటే ఈ షరతే నన్ను భయపెట్టింది. నా భర్తకు సెలవు దొరకలేదు. దొరికించుకోలేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుందేమో. ఇక మిగిలింది అత్తమ్మే.

"గోటితోని పోయేదానికి గొడ్డలెందుకే" అంది ముందు. తర్వాత కాసేపు ఆలోచించి, "మత్తెక్కితే నొప్పి పోతదా? గట్లయితే సీసెడు కల్లు తాగితే పోదా?" అని అడిగింది. నవ్వొచ్చింది. నవ్వితే రానంటుందని ఆపుకున్నాను.

మొత్తానికి కొడుకు గట్టిగా చెబితే బయల్దేరింది. ఊరి నుంచి రోడ్డు దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు. బస్సులో కిటికీ సీటు తను తీసుకుంది. నేను నొప్పి చెయ్యి ఎవరికీ తగలకుండా గుండెలకు ఆనించుకుని కూర్చున్నాను. దారి పొడుగునా ఆమె మాట్లాడింది కండక్టరుతోనే.

ఆసుపత్రిలో నన్ను మంచం మీద పడుకోబెట్టారు. జడ పిన్నులు తీయించారు, జుట్టు విడిపోయింది. ఎడమ చేతికి సూది, ఛాతీకి వైర్లు. డాక్టరు అత్తమ్మకు కూడా విడమరచి చెప్పాడు: "ఆమె ఏమన్నా పట్టించుకోవద్దమ్మా, అవి మందు మాటలు." అత్తమ్మ తల ఊపింది. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు ఏం చెప్పినా అత్తమ్మ అలాగే తల ఊపుతుంది.

నాకు గుర్తున్నది కొంచెమే. ముందు పెదాలు మొద్దుబారాయి. పైకప్పు మెల్లగా దూరం జరిగింది. తర్వాత నా చెయ్యి నాది కాకుండా పోయింది. నొప్పి ఉంది, లేదని చెప్పను, కానీ పక్కింట్లో ఎవరో గొడవ పడుతుంటే వినబడినట్టు ఉంది. మనింటి గొడవ కాదు కదా అన్నంత హాయి. ఆ హాయి ఎక్కువసేపు నిలవలేదు. ఇల్లు లేదు, ఊరు లేదు, ఎటు చూసినా ఖాళీ. పిలిస్తే పలికేవాళ్ళు లేరు. అంత భయం నేను పుట్టి ఎరగను. ఆ ఖాళీలో నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

తేరుకునేసరికి అత్తమ్మ నా కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. తల మీద కొంగు, చేతులు జోడించి ఉన్నాయి, కళ్ళల్లో నీళ్ళు. చచ్చిపోయానేమో అనుకున్నాను.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏం గాలే తల్లీ. నువ్వు పండుకో" అంది.

ఇన్నేళ్ళలో నన్ను ఏమే అంది, పిల్లా అంది, కోపమొస్తే ఇంకా చాలా అంది. తల్లీ అనడం అదే మొదలు.

అత్తమ్మ మందుల షాపు దగ్గరికి వెళ్ళినప్పుడు నర్సు నన్ను బాత్రూముకు పట్టుకుని తీసుకెళ్తూ నవ్వు ఆపుకోలేక చెప్పింది. "అక్కా, జెరసేపు మీరు అటిటు ఊగిన్రు. కండ్లు గూడ అటిటు తిరిగినయ్. గీ మందుకు గట్లనే అయితది, బుగులేం లేదు. మీ అత్తమ్మనే గజగజ వణికింది. దండం పెట్టి, 'ఎవరు తల్లీ నువ్వు? మాతోని ఏం తప్పయింది?' అని అడిగింది."

"నేనేమన్నాను?"

"'నన్నెవ్వరు సూస్తలేరు. ఒక్కదాన్నే ఉన్న. ఒళ్ళంత మండుతున్నది. ఎంత పిలిసినా ఎవ్వరొస్తలేరు' అన్నరు." అప్పుడు నర్సు నవ్వు ఆగిపోయింది. నా ముఖం చూసిందేమో. "మందు మాటలమ్మా అని సెప్పిన అక్కా. ఇన్నది కాదు" అంది.

వినకపోవడంలో అత్తమ్మ తప్పేమీ లేదు. మా దగ్గర అమ్మవారు ఒంటి మీదికి వస్తే జుట్టు విరబోసుకుంటారు, ఊగుతారు, చూపు నిలవదు. అప్పుడు ఇంటి పెద్ద ఎవరో ఒకరు చేతులు జోడించి ఏం తప్పయింది తల్లీ అని అడగాలి. అడగకపోతే అపచారం. అమ్మవారు ఎప్పుడూ చెప్పే మాటలు కూడా అవే: నన్ను మరిచిపోయారు, నన్ను ఒంటరిదాన్ని చేశారు, నా ఒళ్ళు మండుతోంది, చల్లబరచండి. నేనన్న వాటిలో పోచమ్మ అనకూడని మాట ఒక్కటీ లేదు. పైగా మా పోచమ్మకు నిజంగానే ఫిర్యాదు ఉండాలి. నడుమెత్తు గుడి, ఒకప్పుడు మా పొలం గట్టున ఉండేది, ఇప్పుడు కంపెనీ ప్రహరీని ఆనుకుని తుమ్మకంపలో పడి ఉంది. పొలం పోయినప్పటి నుంచి మా ఇంటి బోనం అటు వెళ్ళలేదు. అత్తమ్మ మనసులో ఆ ముల్లు ముందే ఉంది.

తిరుగు బస్సులో కిటికీ సీటు నాకిచ్చింది.

"అత్తమ్మా, అది మందు. అందరికీ గట్లనే అయితదంట" అన్నాను.

"మందే. నేను కాదన్ననా? మందుల వచ్చింది తల్లి. గుళ్ళెనే రావాల్నని ఉన్నదా?" అంది.

మందు పనిచేసింది. పూర్తిగా పోలేదు కానీ మంట సగానికి దిగింది. కుళాయి కింద చెయ్యి పెట్టి నీళ్ళు పారుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఫ్యాను వేసుకుని నిద్రపోయాను. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. నా భర్తకు చెబితే "మంచిగైంది" అని బూట్లు తొడుక్కుని షిఫ్టుకు వెళ్ళాడు. అత్తమ్మకు చెబితే కంపెనీ గోడ వైపు తిరిగి దండం పెట్టింది.

ఆమెలో ఎక్కడి నుంచి వచ్చిందో అంత చురుకు! కొడుకుతో తుమ్మకంప కొట్టించింది. గుడికి సున్నం వేయించింది, ఎర్రటి జాజు పూయించింది. నా కోసం దొరకని సెలవు పోచమ్మకు దొరికింది. పని నొప్పి అని నవ్విన ఆడవాళ్ళే తలా ఒక బోనం ఎత్తుకుని వచ్చారు. అత్తమ్మ మోకాళ్ళు పట్టేస్తున్నా ఎవరికీ ఇవ్వకుండా తన కుండ తనే మోసింది.

గుడి ముందు కుండ దించి, వేపమండలు వేసిన చల్లటి నీళ్ళు రాయి మీద నెమ్మదిగా పోసింది. అరచేత్తో ఆ రాయిని తుడిచింది. పసిబిడ్డకు స్నానం చేయించేటప్పుడు తప్ప ఎవరూ అంత మెత్తగా తుడవరు. "తల్లీ, ఇగ నువ్వు ఒక్కదానివి గావు. మేమందరం లేమా? నీ మంట మాకు ఎర్కే. ఇగ నిన్ను ఇడిసిపెట్టం" అంది. పక్కనున్న ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు.

నేను వాళ్ళ వెనక ఎండలో నిలబడి ఉన్నాను. చెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. ఇన్నాళ్ళూ నేను వినాలని చచ్చిపోయిన మాటలు అవి. ఒక్కటి కూడా తక్కువ కాకుండా అన్నీ అంది, రాయితో అంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నాకు ఆ రాయి మీద అసూయ పుట్టింది. ఒళ్ళు మండిపోయింది, ఈసారి కోపంతో.

"అత్తమ్మా, ఆ మాటలన్నది నేను" అన్నాను. గట్టిగానే అన్నాను. "ఒక్కదాన్నే ఉన్ననన్నది నేనే. మండుతున్నది నా చెయ్యి."

అత్తమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఒక్క క్షణం ఆమె ముఖంలో ఏదో కదిలినట్టు అనిపించింది. తర్వాత గబగబా రాయి వైపు తిరిగి రెండు లెంపలూ వేసుకుంది. "పిచ్చిది తల్లీ. తెల్వక అంటున్నది. దాని మాట మనసుల పెట్టుకోకు." ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా భర్త సున్నం బకెట్టు పట్టుకుని కంపెనీ గోడను చూస్తున్నాడు, దాని మీద ఏదో రాసి ఉన్నట్టు. "ఇంటికి పోదాం పా" అన్నాడు. విన్నాడు. అన్నీ విన్నాడు. ఇంటికి వెళ్ళాక కూడా ఏమీ అడగలేదు.

ఆ తర్వాత ఇంట్లో నా సంగతి విచిత్రంగా తయారైంది. అత్తమ్మ నాకు ఎంగిలి పెట్టడం మానేసింది. కూరలో మొదటి గరిటె నాకే వేసేది. నా మంచం మీద తను కూర్చునేది కాదు. దూరం మాత్రం పెరిగింది. ఇంతకుముందు కనీసం తిట్టడానికైనా దగ్గరికి వచ్చేది. నొప్పి ఎలా ఉందని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. అమ్మవారి ఒళ్ళు చల్లబడింది కాబట్టి ఇక అడిగేదేముంది?

కొన్ని వారాలకు మంట మళ్ళీ వచ్చింది. డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి ఆశ్చర్యపోలేదు, ఏడుపు మాత్రం ఆగలేదు. ఇంకోసారి ఎక్కిద్దాం, పక్కన మనిషిని తెచ్చుకో అన్నాడు. ఈసారి అత్తమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నా కంటే ముందే తలస్నానం చేసి, ఒక్కపొద్దు ఉండి, పసుపు కుంకుమ పొట్లం కట్టుకుని గడప దగ్గర నిలబడింది. "జల్దీ నడువు, ఆలస్యమైతది" అని నన్నే తొందరపెట్టింది.

అదే గది. డాక్టరు మళ్ళీ విడమరచి చెప్పాడు, అత్తమ్మ మళ్ళీ తల ఊపింది. నర్సు సెలైన్ తిప్పి, చుక్క పడటం చూసి, తెర లాగి వెళ్ళింది. అత్తమ్మ కొంగు తల మీదికి లాక్కుని, చేతులు జోడించి నా కాళ్ళ దగ్గర నిలబడింది. నా ముఖంలోకే చూస్తోంది. నా కళ్ళు, నా పెదాలు, నా చెయ్యి. పెళ్ళయ్యాక నన్ను అంతసేపు, అంత ఆశగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ చూపు నాకోసం కాదని తెలుసు. తెలిసినా తల తిప్పుకోలేకపోయాను.

"తల్లీ, వచ్చినవా?" అని అడిగింది.

మందు ఇంకా ఎక్కలేదు. పెదాలు మొద్దుబారలేదు, పైకప్పు ఎక్కడిదక్కడే ఉంది. బయట ఎవరి ఫోనో మోగుతుంటే వినబడుతోంది. నేను పూర్తిగా నేనే. ఇంకా లేదు అత్తమ్మా, నేనే అని చెప్పొచ్చు. చెబితే ఆ చేతులు దిగిపోతాయి. వెళ్ళి తెర అవతల బెంచీ మీద కూర్చుంటుంది, పోచమ్మ వచ్చేదాకా.

"వచ్చిన" అన్నాను.

ఆమె వంగి దండం పెట్టింది. "ఏం కావాలె తల్లీ? కోడిని కోయాల్నా? కల్లు సాక పొయ్యాల్నా? ఏదడిగితే అదిస్తం."

"ఏమొద్దు" అన్నాను. "దగ్గరికొచ్చి కూసో."

అత్తమ్మ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.